ఇల్లే కార్ఖానా అయిననాడు

2020వ సంవత్సరము మార్చి నెలలో హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కార్యాలయములనుండి వేలకొలది ఉద్యోగులు తమ కంప్యూటర్లను సంచులలో పెట్టుకొని ఇండ్లకు పోయిరి. కరోనా వ్యాధి కారణముగా ఆ నెల 25వ తేదీనుండి దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. కొందరు నగరములోని అద్దెగదులలోనే ఉండిపోయిరి. కొందరు స్వగ్రామములు చేరి, వసారాలో బల్ల వేసికొని, అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న సంస్థలకు పని చేసిపెట్టిరి. నాటినుండి 'వర్క్ ఫ్రమ్ హోమ్' అను మాట మన ఇండ్లలో తెలుగు మాటయే అయిపోయినది. ఇంటిపట్టున ఉండి జీతము తెచ్చుకొనుట ఇదివరకెన్నడును లేని వింత అని పలువురు తలచిరి.

చరిత్రను చూచినచో అసలు వింత మరియొకటి. ఉదయమున ఇల్లు విడిచి, పరుల కప్పుక్రింద గంట కొట్టువరకు పనిచేసి, సాయంకాలమునకు తిరిగివచ్చుట అనునదే మానవజాతికి కొత్త అలవాటు. దాని వయస్సు రెండువందల యేబది సంవత్సరములకు మించదు. అంతకుముందు కుమ్మరికి, సాలెకు, కంసాలికి ఇల్లు వేరు, పనిచోటు వేరు అను భేదమే తెలియదు. చీరాల, మంగళగిరి, పోచంపల్లి వంటి ఊళ్ళలో గుంటమగ్గము నేటికిని పడకగదికి పక్కనే ఉన్నది. 2019-20లో జరిగిన చేనేత గణన ప్రకారము మన దేశమున 35 లక్షలకు పైగా జనులు నేతమీదను, దాని అనుబంధపు పనులమీదను బ్రతుకుచున్నారు. వారిలో అత్యధికులు ఇంటిలోనే పనిచేయువారు.

అయితే, ఇంటిలో పనిచేయుటను గూర్చి ఆ పనివారు స్వయముగా ఏమనుకొనిరి? యజమానులేమనుకొనిరో పుస్తకములనిండ దొరకును. పనివారి అభిప్రాయము కొంత వెదకవలెను. వెదకినచో విచిత్రమైన సంగతి బయటపడును. ఒక శతాబ్దమున కార్మికులు ఇంటిపనిని నిలుపుకొనుటకై ప్రాణములు విసిగిపోవువరకు పెనగులాడిరి. మరొక శతాబ్దమున కార్మిక సంఘములే దానిని నిషేధింపుమని ప్రభుత్వములను కోరినవి. ఈ తారుమారు ఎట్లు జరిగినది? ఇంగ్లండు చరిత్రలో ఇందుకు చక్కని సాక్ష్యములున్నవి గనుక అక్కడనుండి ఆరంభింతము.

పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో, ముఖ్యముగా యార్క్‌షైరు, లాంకషైరు జిల్లాలలో, వర్తకుడు ఉన్నినో నూలునో ఇచ్చెడివాడు. నేతగాడు దానిని ఇంటికి కొనిపోయి, బట్ట నేసి తెచ్చి, తానుకు ఇంత అని కూలి పుచ్చుకొనెడివాడు. పిల్లలు ఉన్ని దువ్వుదురు, ఆడవారు వడుకుదురు, మగవారు నేయుదురు. మన నేతవాడలలో కండెలు చుట్టుట, పడుగు తోడుట ఇంటిల్లిపాది పని అయినట్లే అదియును. యార్క్‌షైరు కొండపల్లెలలో పై అంతస్తున వరుసగా, ఒకదానినానుకొని ఒకటిగా కిటికీలు గల పాత రాతి ఇండ్లు నేటికిని కనబడును. మగ్గమునకు వెలుతురు కావలెను, దీపమునకు ఖర్చెక్కువ. అందుచేత మనుష్యుల సౌకర్యముకంటె మగ్గపు సౌకర్యమును ముందు చూచి ఆ ఇండ్లు కట్టిరి.

ఆ నేతగాండ్రకు ఆదివారము సెలవు. సోమవారము కూడ పెక్కుమంది పనిలోనికి దిగెడివారు కారు. ఈ సెలవునకు వారు హాస్యముగా 'సెయింట్ మండే' అని, అనగా సోమవారమును ఒక పుణ్యపురుషునిగా జేసి, పేరు పెట్టిరి. వారపు మొదట తీరికగా సాగిన పని శనివారము దగ్గరపడినకొలది రాత్రులలోనికి పాకెడిది. ఇ. పి. థాంప్సన్ అను చరిత్రకారుడు 1967లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసములో ఈ అలవాటును విపులముగా పరిశీలించెను. అప్పటి పనివాడు పని ఎంత మిగిలినదో చూచుకొనెను గాని గడియారమును చూచుకొనలేదని ఆయన సారాంశము. దీనిని సోమరితనమని ఆనాటి యజమానులు నిందించిరి. పండుగ ముందటి వారమున మన నేతవాడలలో దీపములారవని ఎరిగినవారు ఆ మాట అనజాలరు.

1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డు అనుచోట నీటి చక్రముతో నడచు నూలుమిల్లును స్థాపించెను. నీటి చక్రముగాని, తరువాత వచ్చిన ఆవిరి యంత్రముగాని ఇంటింటికి పంచుటకు వీలైనది కాదు. శక్తి ఒకచోటనే పుట్టును. ఇరుసులు, పట్టాలమీదుగా కొద్ది దూరము మాత్రమే పోవును. కావున యంత్రము మనిషి యింటికి రాలేక, మనిషినే తన యొద్దకు రప్పించుకొనినది. మొట్టమొదట వడుకుట మిల్లుకు పోయినది. నూలు చౌక అయి, సమృద్ధిగా దొరకుటచే ఇంటి మగ్గములకు కొంతకాలము మంచిరోజులే వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున బోల్టను పట్టణమున నేతగానికి వారమునకు ఇంచుమించు 25 షిల్లింగులు వచ్చెడివి. 1830 నాటికి ఆరు షిల్లింగులు కూడ రాలేదు.

మరమగ్గము వచ్చి చేమగ్గమును చంపినదని మనము బడిలో చదువుకొన్నాము. లెక్కలు చూచినచో కథ అంత సూటిగా లేదు. 1813లో బ్రిటనులో ఉన్న మరమగ్గములు సుమారు 2,400 మాత్రమే. అప్పటికే నేతకూలి సగమునకు దగ్గరగా పడిపోయినది. పని నేర్చుకొనుట తేలిక. ఎవడైనను ఒక మగ్గము సంపాదించి దిగవచ్చును. వేయి పల్లెలలో వేయి ఇండ్లలో చెదరియున్న నేతగాండ్రు ఒక ధరకు కట్టుబడి నిలుచుట కష్టము. ఒక ఇంటివాడు కాదన్న ధరకు పక్క ఇంటివాడు ఒప్పుకొనెడివాడు. కనీసపు కూలి నిర్ణయింపుమని 1808లో వారు పార్లమెంటును కోరిరి. పార్లమెంటు నిరాకరించినది. మాంచెస్టరు ప్రాంతమున నాడు పెద్ద సమ్మె జరిగినది. 1833 నాటికి మరమగ్గములు లక్ష అయినవి. కాని అవి పడగొట్టిన గోడ అప్పటికే బీటలు వారియున్నది.

ఇంత జరిగినను చేమగ్గపువారు మిల్లునకు పోలేదు. 1820 ప్రాంతమున ప్రత్తినేతలోనే రెండు లక్షల నలుబది వేలమంది ఉండిరని అంచనా. ముప్పది సంవత్సరములకుగాని ఆ సంఖ్య నలుబది వేలకు దిగలేదు. ఆకలితోనైనను ఇంటినే అంటిపెట్టుకొనుటకు హేతువేమి? 1834-35లో పార్లమెంటు నియమించిన విచారణ సంఘము ఎదుట ఈ విషయము చర్చకు వచ్చినది. మిల్లు ద్వారమునకు తాళము వేయుదురు. నిమిషము ఆలస్యమైన జరిమానా. కొన్ని మిల్లులలో పనివారు తమ గడియారము తెచ్చుకొనుటకే వీలులేదు, యజమాని ముల్లును ఎట్లు త్రిప్పిన అదియే కాలము. పిల్లలను ఆ చోటికి పంపుటకు తండ్రులకు మనసొప్పలేదు. కూలి తక్కువైనను కాలము తనది అను భావమే వారిని పట్టి ఉంచినది. దీనిని మూర్ఖత్వమని కొట్టివేసిన ఆర్థికవేత్తలు ఆనాడు ఎందరో ఉండిరి. ఆరు షిల్లింగుల జీవితములో మిగిలిన ఆ ఒక్క స్వాతంత్ర్యమునకు ఎంత వెల కట్టవలెనో వారి లెక్కలలో లేదు.

తరువాతి ఘట్టమునకు కారణము మరియొక యంత్రము. అది కుట్టుమిషను. 1851లో ఐజక్ సింగర్ పేటెంటు పొందిన మిషను కాలితో తొక్కిన నడచును, గది మూలన పట్టును. ఆవిరి యంత్రము ఊరిలోనికి లాగిన పనిని ఇది తిరిగి ఇంటిలోనికి నెట్టినది. అయితే ఈసారి ఇంటికి వచ్చిన పని నేతగాని పని వంటిది కాదు. లండను మురికివాడలలో స్త్రీలు చొక్కాలు కుట్టిరి, కృత్రిమ పుష్పములు చేసిరి, అగ్గిపెట్టెలు అంటించిరి. పన్నెండు డజన్ల అగ్గిపెట్టెలకు వచ్చునది రెండున్నర పెన్నీలకు మించదు. జిగురు మాత్రము తమ డబ్బుతో కొనుక్కొనవలెను. ఇంటి అద్దె, దీపము, పొయ్యిలో బొగ్గు అన్నియు పనిచేయువారివే. యజమానికి కార్ఖానా కట్టు ఖర్చు తప్పినది.

1906 మే నెలలో లండనులోని క్వీన్స్ హాలులో ఒక పత్రిక ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినది. యంత్రములు, చిత్రములు కాక, ఇంటిపనివారినే తెచ్చి కూర్చుండబెట్టి, వారి ఎదుట వారి కూలి ఎంతో వ్రాసిపెట్టిరి. చూడవచ్చిన సంపన్నులు తాము తొడిగిన చొక్కా ఎక్కడ పుట్టినదో అచ్చట గ్రహించిరి. 1909లో పార్లమెంటు నాలుగు వృత్తులకు కనీస వేతనము నిర్ణయించు మండలులను ఏర్పరచినది. ఆ నాలుగింటిలో గొలుసుల తయారీ ఒకటి.

బర్మింగుహామునకు చేరువనున్న క్రాడ్లీ హీత్ అను ఊరిలో స్త్రీలు ఇంటి పెరటిలోని కొలిమివద్ద ఇనుప కడ్డీ కాల్చి, వంచి, సమ్మెటతో కొట్టి గొలుసులు చేసెడివారు. పసిపిల్లలను అక్కడనే తొట్టిలో పరుండబెట్టుకొనెడివారు. వారమునకు యేబది గంటలకు పైగా సమ్మెట ఎత్తినను అయిదారు షిల్లింగులు దాటవు. కొత్త మండలి 1910లో గంటకు రెండున్నర పెన్నీలు ఇయ్యవలెనని నిర్ణయించినది. లెక్కవేయుడు: వారమునకు 54 గంటలైనచో 11 షిల్లింగుల 3 పెన్నీలు, అనగా ఇంచుమించు రెండింతలు. చట్టములో ఒక సందు ఉన్నది. పనివారు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్నచో ఆరు మాసములు పాత కూలికే చేయించుకొనవచ్చును. యజమానులు చదువురాని ఆ స్త్రీలచేత కాగితములపై గుర్తులు పెట్టించుకొనిరి. సంగతి తెలిసిన పిమ్మట వందలకొలది స్త్రీలు సమ్మె కట్టిరి. మేరీ మకార్థర్ అను కార్మిక నాయకురాలు వారి పక్షమున నిలిచినది. డెబ్బది తొమ్మిదేండ్ల ముదుసలి కూడ సమ్మెలో ఉన్నది. అప్పుడప్పుడే పుట్టిన సినిమా వార్తాచిత్రములలో వారిని చూచి దేశమంతట జనులు చందాలు పంపిరి. పది వారములకు, అక్టోబరు 22న, యజమానులందరును సంతకము చేసిరి. మిగిలిన చందా సొమ్ముతో ఊరిలో కార్మికుల భవనము కట్టిరి.

ఈ స్త్రీలు కొలిమిని పెరటినుండి తీసివేయుమని అడుగలేదు. గంటకు రెండున్నర పెన్నీలు అడిగిరి. అయినను ఆ కాలపు కార్మిక సంఘములకు ఇంటిపని అనగానే తక్కువ కూలి, పిల్లల చాకిరి, తనిఖీ లేని చీకటి గది స్ఫురించెడివి. కార్ఖానాలో పోరాడి సంపాదించిన కూలిరేటును ఇంటిలో కూర్చున్నవారు తెలియకయే పడగొట్టుదురను భయము వారిది. ఆ భయము నిరాధారమని నేననను. ముందు చెప్పిన నేతగాండ్ర కథ అదియే గదా. అమెరికాలో ఇది చట్టమువరకు పోయినది. 1940 తరువాతి మొదటి సంవత్సరములలో అక్కడి ప్రభుత్వము ఏడు రకముల దుస్తుల, అలంకారవస్తువుల తయారీని ఇంటిలో చేయించరాదని నిషేధించినది. నలుబదియేండ్లు గడచిన పిమ్మట వర్మాంటు రాష్ట్రమున మంచుకాలపు ఉన్ని టోపీలు ఇంటిలో అల్లు స్త్రీలకు ఈ నిషేధము అడ్డుతగిలినది. మా ఇంటిలో మేము అల్లుకొనుటకు ప్రభుత్వపు అనుమతి ఏల అని వారనిరి. నిషేధము తొలగించినచో నగరములలో వలసవచ్చిన పేదస్త్రీల గతి ఏమి అని దుస్తుల కార్మిక సంఘము అడిగినది. ఇద్దరును కార్మికులే, ఇద్దరి మాటయు నిజమే. వ్యవహారము న్యాయస్థానములలో నలిగి, 1984లో అల్లికపనికి నిషేధము తొలగినది.

ఇంతలో కంప్యూటరు వచ్చినది. దానిని ఇంటిపనితో ముడిపెట్టినవారిలో మొదట తలచుకొనవలసినది స్టెఫనీ షర్లీ అను ఆంగ్ల మహిళ. 1962లో ఆమె ఆరు పౌండ్ల మూలధనముతో, తన భోజనపు బల్లమీద, ప్రోగ్రాములు వ్రాసియిచ్చు సంస్థను స్థాపించినది. ఆ కాలమున వివాహమై బిడ్డ పుట్టిన స్త్రీలకు ఉద్యోగము దుర్లభము. అట్టి గణితజ్ఞులను, ప్రోగ్రామర్లను ఆమె ఏరి, ఇంటిలోనే పని ఇచ్చినది. మొదటి మూడువందల మందిలో పురుషులు ముగ్గురే. పెన్సిలుతో కాగితముమీద ప్రోగ్రాము వ్రాయుదురు, తపాలాలో పంపుదురు. కాంకార్డు విమానపు 'నల్లపెట్టె'కు ప్రోగ్రాములు వ్రాసినది వీరే. ఫోనులో పసిబిడ్డ ఏడ్పు వినబడకుండ ఆమె టైపు మిషను చప్పుడును టేపుపై పట్టి, వెనుక వినిపించెడిది. ఇల్లు అనునది సిగ్గుపడి దాచవలసిన చోటుగా వ్యాపారలోకము భావించినదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1973లో అమెరికాలో జాక్ నిలిస్ అను ఇంజనీరు, ఉద్యోగిని నగరమునకు మోసికొనివచ్చుటకంటె పనినే తంతులమీద ఉద్యోగికి పంపుట చౌక కాదా అని ప్రశ్నించి, దానికి 'టెలికమ్యూటింగ్' అని పేరు పెట్టెను. ఆ సంవత్సరమే చమురు సంక్షోభము వచ్చుటచే ఆ ప్రశ్నకు బలము కలిగినది. ఆవిరియంత్రము చేసిన ముడి ఇక్కడ విడిపోయినది. విద్యుత్తు, తంతి, చిన్న కంప్యూటరు ఈ మూడును ఇంటింటికి పోగలవు. కాని పాత భయము చావలేదు. 1983లో అమెరికా కార్మిక సంఘముల సమాఖ్య కంప్యూటరు ఇంటిపనిని కూడ నిషేధింపవలెనని తీర్మానించినది. అగ్గిపెట్టెల గది వారికింకను గుర్తున్నది.

ఇంతవరకు చెప్పినవన్నియు వాదములు, సాక్ష్యములు. శాస్త్రీయమైన ప్రయోగము జరుగుటకు 2010 డిసెంబరు వరకు ఆగవలసివచ్చినది. చైనాలోని షాంఘై నగరమున సీట్రిప్ అను ప్రయాణపు టిక్కెట్ల సంస్థలో నికొలస్ బ్లూమ్ మొదలగు ఆర్థికవేత్తలు దీనిని నడపిరి. ఫోనులో టిక్కెట్లు, హోటలు గదులు ఏర్పాటుచేయు 996 మంది ఉద్యోగులను, ఇంటినుండి పనిచేయుదురా అని అడిగిరి. ఒప్పుకొన్నవారు 503 మంది. ఈ సంఖ్యయే గమనింపదగినది. రోజుకు గంటకు పైగా ప్రయాణము చేయువారిలో కూడ ఇంచుమించు సగముమంది వద్దనిరి. ఇంటిలో వేరు గది మొదలగు సౌకర్యములున్న 249 మందిని తీసికొని, పుట్టిన తేదీ సరిసంఖ్య అయినవారిని ఇంటికి, బేసిసంఖ్య అయినవారిని కార్యాలయమునకు కేటాయించిరి. చురుకైనవారందరు ఒకవైపు చేరకుండుటకే ఈ పద్ధతి. వారమునకు నాలుగు దినములు ఇల్లు, ఒక దినము కార్యాలయము. జీతము, పర్యవేక్షకులు, వేళలు అన్నియు అవే.

తొమ్మిది మాసములలో ఇంటివారి పని నూటికి 13 పాళ్ళు పెరిగినది. అందులో 9 పాళ్ళు ఎక్కువ నిమిషములు పనిచేయుటవలన, 4 పాళ్ళు చప్పుడులేని చోట త్వరగా పనిచేయుటవలన కలిగినవి. ఉద్యోగము మానివేయువారి సంఖ్య సగమైనది. ఒక నష్టము కూడ కనబడినది. సమానముగా పనిచేసినను ఇంటివారికి పదోన్నతి తక్కువగా వచ్చినది. కంటికి ఎదుట లేనివారిని పైవారు మరచిరి. ప్రయోగము ముగిసిన తరువాత ఇష్టమైనచోటు కోరుకొండనగా, తాముగా అడిగి ఇంటికి పోయినవారిలోనే సుమారు సగముమంది కార్యాలయమునకు తిరిగివచ్చిరి. ఒంటరితనము భరింపలేకపోతిమనిరి. ఇల్లు మంచిదా, కార్యాలయము మంచిదా అని తెలిసికొనుటకు బయలుదేరిన ప్రయోగము, ఒకే మనిషి అభిప్రాయము తొమ్మిది మాసములలో మారునని తెలిపినది. నాకు ఆ 13 పాళ్ళకంటె ఇదియే విలువైన ఫలితముగా తోచును.

అదే సంస్థలో 2021-22లో 1,612 మంది పట్టభద్రులైన ఉద్యోగులపై రెండవ ప్రయోగము జరిగినది. ఈసారి వారమునకు రెండు దినములు మాత్రమే ఇల్లు. ఫలితము 2024లో 'నేచర్' పత్రికలో వెలువడినది. పనిలోగాని పదోన్నతిలోగాని తేడా లేదు. ఉద్యోగము మానుట మూడవవంతు తగ్గినది. ముఖ్యముగా స్త్రీలు, దూరమునుండి వచ్చువారు నిలిచిపోయిరి. ఆరంభమున దీనివలన పని చెడునన్న పర్యవేక్షకులు ముగింపులో తమ మాట మార్చుకొనిరి. మన దేశమున మాత్రము గాలి అటునిటు వీచుచున్నది. 2020 ఏప్రిలులో టీసీఎస్ సంస్థ, 2025 నాటికి తన ఉద్యోగులలో నాల్గవవంతు మంది కార్యాలయమునకు వచ్చిన చాలునని ప్రకటించినది. 2023 అక్టోబరు నుండి అందరును వారమునకు అయిదు దినములు రావలెననినది.

ఈ ప్రయోగములన్నియు నెలజీతము గలవారిమీద జరిగినవి. ఇంటిపనివారు అనగా వారు మాత్రమే కారు. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో గుమ్మమున కూర్చుండి, ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలను చూడనివారుండరు. తునికాకు, పొగాకు, దారము కంపెనీ ఇచ్చును. కూలి వేయి బీడీల లెక్క. నాణ్యము లేదని తీసివేసిన బీడీలకు కూలి రాదు. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటిలో చుట్టువారిని కూడ ఉద్యోగులుగానే పరిగణించినది. యజమానులు దానిని సుప్రీంకోర్టులో ప్రశ్నించిరి. 1974లో కోర్టు చట్టమును సమర్థించినది. పిమ్మట భవిష్యనిధి వివాదము వచ్చినది. ఇంటిలో కూర్చుండి, తన ఇచ్చవచ్చిన వేళ, ఇంటివారి సాయముతో చుట్టువారిపై మా అజమాయిషీ ఎక్కడిది, వారు మా ఉద్యోగులెట్లగుదురు అని కంపెనీలు వాదించినవి. 1985లో పి. ఎం. పటేల్ అండ్ సన్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు దీనికి సమాధానము చెప్పినది: తెచ్చిన బీడీని బాగులేదని తిరస్కరించు హక్కు కంపెనీకి ఉన్నది, ఆ హక్కే అజమాయిషీ. కావున వారు ఉద్యోగులే, భవిష్యనిధికి అర్హులే.

ఇంటినుండి పనిచేయువారిని ఎట్లు కనిపెట్టవలెనని 2020లో పెద్ద కంపెనీల అధికారులు తలలు పట్టుకొనిరి. మీటల చప్పుడు లెక్కించు సాధనములు కొనిరి. చేటలో బీడీల కట్టలు లెక్కించు గుమాస్తాకు ఆ చిక్కు ఎన్నడును రాలేదు.

ఇంటిపనివారికి కార్ఖానావారితో సమానముగా కూలి, సంఘము పెట్టుకొను హక్కు, ప్రసూతి రక్షణ ఉండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించినది. అహమ్మదాబాదులో ఇలా భట్ 1972లో స్థాపించిన 'సేవ' సంఘము దానికై చాలకాలము పాటుపడినది; అందులోని సభ్యురాండ్రు అగరుబత్తీలు, బీడీలు చుట్టువారు, బట్టలు కుట్టువారు. 2019లో ప్రపంచమున ఇంటినుండి పనిచేయువారు 26 కోట్లమంది ఉండిరని ఆ సంస్థయే అంచనావేసినది. అది కరోనాకు ముందటి లెక్క. ఒడంబడికను ఇంతవరకు ధ్రువీకరించిన దేశములు కొలదియే. వానిలో భారతదేశము లేదు.